పద్దెనిమిది నిండబోతున్న మా వాడు: అనంతపురం అమ్మ ప్రశ్నకి జవాబు

ప్రశ్న: మాది అనంతపురం. మా పెద్దోడికి వచ్చే జూన్‌కి 18 నిండుతాయి. ఆటిజం ఉంది, వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది, పెన్షన్ వస్తుంది. మాట తక్కువ, అవసరానికి ఒకటి రెండు మాటలు చెప్తాడు. ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టించి ఎట్లనో పాస్ చేయించినాం. ఆ తర్వాత స్కూలు వాళ్ళు ఇంక మా దగ్గర కుదరదమ్మా అన్నారు. అప్పట్నుంచి ఇంట్లోనే, ఫోను, లేదంటే కొళాయి దగ్గర నిలబడతాడు, వీధిలో నీళ్లు ఎప్పుడొస్తాయో వాడికే తెలుసు, డ్రమ్ములన్నీ నింపేదాకా కదలడు. ఈ మధ్య కోపం చాలా ఎక్కువైంది, మొన్న వాళ్ళ నాన్న చెయ్యి రక్తం వచ్చేట్టు కొరికినాడు. మా ఆయనకి మోటార్ వైండింగ్ షాపు ఉంది, ఆడికి తీసుకుపోతే సౌండుకి చెవులు మూసుకుంటాడని మానేసినాం. మా అత్తమ్మ పెళ్లి చేస్తే బాగైపోతాడు అంటుంది, మా మరిది బెంగళూరులో హాస్టల్ చూసినా అంటాడు, బ్యాంకు వాళ్ళేమో 18 నిండినాక గార్డియన్ పేపర్లు తీసుకురమ్మంటారు. పాప ఇంటర్ ఫస్ట్ ఇయర్, మేము పోయినాక దానికే కదా భారం అని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలో చెప్పండి.

జవాబు: అక్కా, పెళ్లి గురించి హాస్టల్ గురించి పేపర్ల గురించి అన్నీ చెప్తా గానీ ముందు ఆ కొరకడం సంగతి చూద్దాం, అది తగ్గకుండా మిగతావేవీ ముందుకి జరగవు.

మాట సరిగా రాని పిల్లోడికి ఉన్నట్టుండి కోపం ఎక్కువైందంటే నేను మొదట అడిగేది నొప్పి గురించి. మనకి పన్ను నొప్పి వస్తే లవంగం నోట్లో పెట్టుకుని ఇంట్లో అందరికీ చెప్పుకుంటాం, వాడికి ఆ దారి లేదు కదా. పన్ను, చెవి, మలబద్ధకం, కడుపులో మంట, ఇవి నాలుగూ చూపించండి. జ్ఞానదంతాలు వచ్చే వయసు కూడా ఇదే. చెంప మీద కొట్టుకుంటున్నాడా, ఒక పక్కనే నములుతున్నాడా, బాత్రూంకి పోయి ఎన్ని రోజులైంది, ఇట్లాంటివి గమనించి డాక్టరుకి మీరే చెప్పాల, వాడు చెప్పలేడు కాబట్టి. ఇంకొకటి, ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి టీనేజ్‌లో కొత్తగా ఫిట్స్ మొదలవుతాయి. కింద పడి కొట్టుకునేవి మాత్రమే ఫిట్స్ అనుకోవద్దు, కొన్ని సెకన్లు అట్లే చూస్తా ఉండిపోవడం, పిలిస్తే పలకకపోవడం, పెదాలు చప్పరిస్తా ఉండడం, ఇవి కూడా అయ్యుండొచ్చు. అట్లాంటిది కనిపిస్తే ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, డాక్టరు దగ్గర నోటితో చెప్పేదాని కంటే అది చాలా పనికొస్తుంది.

నొప్పి ఏమీ లేదని తేలితే అప్పుడు ఒక కాగితం మీద రెండు తేదీలు రాయండి, స్కూలు ఎప్పుడు ఆగింది, కోపం ఎప్పుడు మొదలైంది. ఆ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయని నా అనుమానం. పదేళ్లు పొద్దున లేచి స్నానం చేసి బ్యాగు వేసుకుని ఆటో ఎక్కిన పిల్లోడికి ఒకరోజు నుంచి ఆటో రాలేదు, ఎందుకు రాలేదో ఎవరూ వాడికి అర్థమయ్యేట్టు చెప్పలేదు, రేపు ఏముంటుందో తెలీదు. మనల్ని ఎవరైనా అట్లా కూర్చోబెడితే మనం కూడా ఊరికే ఉండం. దానికి తోడు మన అనంతపురం ఎండలు, కరెంటు పోవడం, చెమట, బట్టలు ఒంటికి అంటుకోవడం, చర్మం మీద స్పర్శ ఎక్కువ తెలిసే పిల్లలకి అది చిన్న బాధ కాదు.

కోపం వచ్చిన టైంలో మాటలు తగ్గించండి. ఎందుకు కొడుతున్నావు, నాన్నని కొరుకుతారా, తప్పు కదా, ఇవన్నీ ఆ నిమిషంలో వాడి చెవికి ఇంకో గోల. ఫ్యాను వేసి టీవీ ఆపి పాపని పక్క రూముకి పంపించి మీరు చెయ్యి అందనంత దూరంలో ఉండండి, పట్టుకుని అదిమి కూర్చోబెడితే ఇంకా ఎక్కువైతుంది. తగ్గినాక ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఎన్ని గంటలకి, అంతకు ముందు ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, తర్వాత వాడికి ఏం దొరికింది. మూడు నాలుగు వారాలు రాస్తే మీకే ఏదో ఒకటి కనపడుతుంది. ఆ బుక్కు తీసుకుని గవర్నమెంటు ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి పోండి. వాళ్ళు రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి మాత్రలు రాయొచ్చు, అవి దూకుడు, చిరాకు తగ్గడానికి ఇచ్చేవి, ఆటిజాన్ని పోగొట్టేవి కాదు. వాడితే బరువు, షుగరు చూపించుకుంటా ఉండాల, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయొద్దు. మందు పడినా పగలంతా చేసే పని ఏమీ లేకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఆటిజం పోతుందని లక్షలు అడిగే వాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు, దానికి ఆధారం లేదు.

ఇప్పుడు 18 సంగతి. మీరు జూన్ జూన్ అని భయపడుతున్నారు గానీ నన్నడిగితే ఇంకో ప్రశ్న వేసుకోండి. మీరు మీ అమ్మగారి ఊరికి పోయి రెండు రోజులు రాలేకపోతే ఆ రెండు రోజులు వాడు ఎట్ల గడుపుతాడు? ఏం తింటాడు, స్నానం ఎవరు చెప్తారు, ఎవరన్నా తలుపు కొడితే ఏం చేస్తాడు, నొప్పి వస్తే ఎట్ల చెప్తాడు? ఇంటర్ సర్టిఫికెట్ గురించి తర్వాత ఆలోచిద్దాం, ముందు ఈ రెండు రోజులకి వాడు తయారు కావాల. మీరు పోయినాక ఏమిటి అనే పెద్ద ప్రశ్నకి నాకు తెలిసిన దారి ఈ చిన్న ప్రశ్నలోంచే పోతుంది.

మీరు ఉత్తరంలో ఫోను, కొళాయి అని ఒకే లైన్లో రాసేసినారు, కొళాయిని కూడా ఒక చెడ్డ అలవాటు లాగ. నాకైతే ఆ లైను చదివినప్పుడు చాలా సంతోషం అయింది. అనంతపురంలో నీళ్లు వచ్చే టైము తెలిసి, ఎవరూ చెప్పకుండా లేచి, డ్రమ్ము నిండేదాకా నిలబడి, నిండినాక ఆపే మనిషి దొరికితే ఏ ఇంట్లో వద్దంటారు? అది పనే అక్కా. దాన్ని పని లాగ చూడండి. గోడ మీద వాడి రోజు బొమ్మలతో పెట్టండి, లేవడం, బ్రష్, స్నానం, టిఫిన్, నీళ్లు, ఇట్లా వరసగా ఫోటోలు, అయిపోయిన దాన్ని వాడే తీసి కింద డబ్బాలో వేస్తాడు. నీళ్లు రాని రోజు ఏం చేయాల అనేదానికి కూడా ఒక ఫోటో ఉండాల, నీళ్లు రాకపోతేనే వాడు తల్లడిల్లేది. తర్వాత పక్కింటి పెద్దావిడ డ్రమ్ము కూడా వాడికే అప్పగించండి, వాళ్ళతో ముందే మాట్లాడి వారానికి ఒక ఇరవై రూపాయలు వాడి చేతికే ఇచ్చేట్టు చూడండి, కావాలంటే ఆ ఇరవై మీరే వాళ్ళకి ఇవ్వండి పర్లేదు. ఆ డబ్బులు మీరు దాచిపెట్టొద్దు. వాడే అంగడికి పోయి వాడికి కావాల్సింది కొనుక్కోవాల, ఏది కొనాలో వాడే చూపించాల. పనికి డబ్బు, డబ్బుకి బిస్కెట్ ప్యాకెట్టు, ఇది అర్థమైతే లెక్కల పుస్తకం కంటే ఎక్కువ నేర్చుకున్నట్టు.

వంటలో ఉగ్గానితో మొదలుపెట్టండి. మనింట్లో ఎట్లాగూ వారానికి రెండు సార్లు చేస్తాం, వాడికి ఇష్టమే అయ్యుంటుంది. నేర్పేటప్పుడు మొదటి నుంచి కాదు, చివరి నుంచి నేర్పండి. అంటే మొదట్లో అంతా మీరే చేసి ఆఖర్న పుట్నాల పొడి చల్లి కలపడం మాత్రం వాడిది, కలిపి ప్లేట్లో పెట్టుకుని తింటాడు. అది బాగా వచ్చినాక నానిన బొరుగులు పిండడం కూడా వాడిదే, పిండి బాణలిలో వేసి పొడి చల్లి కలిపి తినడం. తర్వాత బొరుగులు నీళ్లల్లో వేయడం, దాని తర్వాత ఉల్లిగడ్డ, మిరపకాయ కోయడం, పోపు, స్టవ్ వెలిగించడం అన్నిటికంటే చివర్న, మీరు పక్కన ఉన్నప్పుడు. ఇట్ల చేస్తే ప్రతిసారీ పని పూర్తి చేసింది వాడే అవుతాడు, చేసిన వెంటనే తినడానికి దొరుకుతుంది, మధ్యలో రాలేదని వదిలేయడం ఉండదు. షర్టు గుండీలు, దుప్పటి మడత పెట్టడం, పళ్ళు తోముకోవడం, దేనికైనా ఇదే పద్ధతి. ఒక్కో మెట్టుకి రెండు వారాలు పట్టినా, నెల పట్టినా కంగారు పడొద్దు.

షాపు మానేసినాం అన్నారు, దాన్ని నేను వదిలిపెట్టను. వైండింగ్‌లో చుట్లు లెక్క తప్పకూడదు కదా, తీగ గేజు (మందం) వారీగా వేరు చేయాల, పాత రాగి తీగ కట్టలు కట్టాల, నట్లు బోల్టులు సైజు ప్రకారం డబ్బాల్లో వేయాల, ఈ పనులన్నీ మనవాడి లాంటి పిల్లలకి బాగా నప్పే పనులు. ఇబ్బంది సౌండు ఒక్కటే. పొద్దున షాపు తెరవక ముందు, మిషన్లు ఏవీ ఆన్ చేయకుండా నాన్నతో పోయి అరగంట, నట్లు బోల్టులు మాత్రమే, అంతే ఇంటికి. కొన్ని వారాలు అట్లే పోనీ. ఫ్యాక్టరీల్లో చెవులకి పెట్టుకునే ఇయర్ మఫ్స్ ఉంటాయి, అవి ముందు ఇంట్లో అలవాటు చేసి తర్వాత షాపులో పెట్టించండి. కరెంటు ఉన్న దాని జోలికి పోకూడదని ఎర్ర టేపుతో గీత వేసి చూపించండి, టెస్టింగ్ టేబుల్ దగ్గరికి అసలు రానివ్వొద్దు. చెయ్యి కొరికించుకున్న నాన్నకి కూడా ఆ అరగంట అవసరం అక్కా, కొడుకుతో కలిసి ఏదన్నా చేసినట్టు ఉంటుంది.

ఒళ్ళు సంగతి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేనే చెప్తా. మీరు ఇంకా వాడికి స్నానం చేయిస్తుంటే ఈ వారం నుంచి మీరు తప్పుకోండి, నాన్న బయట నిలబడి చెప్తాడు, వాడు చేసుకుంటాడు. గడ్డం ట్రిమ్మర్‌తో, బ్లేడు వద్దు. తలుపు వేసుకుని చేసేవి ఏవి, అందరి ముందర చేయకూడనివి ఏవి అనేది బొమ్మలతో చూపించాల. ఒళ్ళు తాకుకోవడం ఈ వయసులో మామూలే, కొట్టొద్దు తిట్టొద్దు, రూమ్‌లో తలుపు వేసుకుని అని చూపిస్తే చాలు, రోజూ ఒకే మాట చెప్తే నేర్చుకుంటారు. ఎదురొచ్చిన వాళ్ళని వాటేసుకోవడం చిన్నప్పుడు ముద్దుగా ఉండేది, ఇప్పుడు మీసాలొచ్చిన మగపిల్లోడు తెలియని అమ్మాయిని పట్టుకుంటే జనం కొట్టినా కొడతారు, పోలీసుల దాకా పోతుంది. అందరికీ నమస్కారం, ఇంట్లో వాళ్ళకి మాత్రమే కౌగిలి, ఇది ఈ రోజు నుంచే, చుట్టాలతో సహా. అట్లే వాడిని ఎవరైనా తాకకూడని చోట తాకినా చెప్పుకోలేడు, మగపిల్లలకి ఏమవుతుందిలే అనుకోవద్దు, పిల్లల మీద లైంగిక వేధింపుల కోసం తెచ్చిన 2012 పోక్సో చట్టం 18 నిండని మగపిల్లలకి కూడా వర్తిస్తుంది.

దీనికి అన్నిటికీ ముందు వాడికి వద్దు అని చెప్పడం రావాల. మాటతోనో, చెయ్యి ఊపో, ఫోన్లో ఒక బొమ్మ నొక్కో. అది వచ్చినాక మీరు దాన్ని వినాల కూడా, కాకరకాయ వద్దంటే వద్దు, ఆ షర్టు వద్దంటే వేరేది. వద్దు అనే దానికి ఇంట్లో విలువ లేకపోతే ఇంక వాడికి మిగిలేది పళ్ళతో కొరకడమే. కొరకడం తగ్గడానికి కూడా ఇదే పెద్ద మందు అని నేను నమ్ముతా.

పేపర్ల గురించి. 18 నిండినాక చట్టం లెక్కన తల్లిదండ్రులు కూడా ఆటోమేటిక్‌గా గార్డియన్లు కారు. ఆటిజం ఉన్న వాళ్ళకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షుడుగా ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది, కోర్టుకి పోయే పని లేదు. మీరూ మీ ఆయనా కలిసి అప్లై చేయండి, కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ వాళ్ళని అడిగితే ఫారం చెప్తారు. వయసు ప్రూఫ్, ఆధార్, సదరం సర్టిఫికెట్ పట్టుకుపోండి. ఆ కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌ని బ్యాంకులు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, కౌంటర్‌లో ఎవరన్నా కోర్టు ఆర్డరే కావాల అంటే మేనేజర్‌తో మాట్లాడండి. గార్డియన్ అయినాక వాడి ఆస్తి లెక్క ఆరు నెలల్లోపు కమిటీకి ఇవ్వాల, అది మర్చిపోవద్దు. ఇంకోటి గుర్తుపెట్టుకోండి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పరిమిత గార్డియన్‌షిప్ అనే మాట చెప్తుంది, అంటే వాడితో కలిసి నిర్ణయం తీసుకోవాలని. బ్యాంకు సంతకం మీది కావొచ్చు, ఏం తినాలి ఏం వేసుకోవాలి ఎవరితో ఉండాలి అనేది వాడిది.

సదరం సర్టిఫికెట్ మీద గడువు ఉందేమో చూడండి, చిన్నప్పుడు టెంపరరీగా ఇచ్చి ఉంటే మళ్ళీ స్లాట్ బుక్ చేసుకోవాల, పెన్షన్ 6000 దాని మీదే నడుస్తుంది, స్లాట్ దొరకడానికి టైం పడుతుంది కాబట్టి ఇప్పుడే పోండి. యూడీఐడీ (కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు) కార్డు లేకపోతే అదీ. నిరామయ అని నేషనల్ ట్రస్ట్ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, ఏడాదికి లక్ష వరకు, ముందు నుంచీ ఉన్న జబ్బు అని వదిలేయరు, థెరపీకి కూడా కొంత వస్తుంది.

స్కూలు వాళ్ళు కుదరదు అన్నారు కదా, 2016 చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు వాడి హక్కు, కాబట్టి ఈ కొన్ని నెలలైనా దగ్గర్లో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే అక్కడ టీచర్‌ని కలవండి. మన జిల్లాలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు దివ్యాంగుల కోసం ఎప్పట్నుంచో పని చేస్తున్నారు, వాళ్ళ ఆఫీసుకి పోయి వయసు చెప్పి ఏముందో అడగండి. సికింద్రాబాద్‌లో ఎన్‌ఐఈపీఐడీ అని మేధో వైకల్యం ఉన్న వాళ్ళ కోసం పని చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఒకసారి తీసుకుపోయి వాడు ఏ పనికి సరిపోతాడో చూపించుకుని వస్తే మంచిది. ఓపెన్ ఇంటర్ ఎప్పుడైనా కట్టొచ్చు, పరిగెత్తాల్సిన పని లేదు.

పెళ్లి వద్దు. మీ అత్తమ్మ ప్రేమతోనే అంటుంది, ఆమెకి తెలిసిన మందు అది. కానీ బాగవుతాడని చేసే పెళ్లిలో ఏ విషయమూ తెలియని ఒక అమ్మాయి జీతం లేని ఆయాగా మిగిలిపోతుంది. ఆటిజం ఉన్న వాళ్ళు పెళ్లి చేసుకుని కాపురం చేయడం లేదా అంటే చేస్తున్నారు, వాళ్ళు కోరుకుని, ఎదుటి మనిషికి అన్నీ తెలిసి చేసుకుంటారు. మీ వాడు ఇప్పుడు ఆ కోరిక చెప్పలేదు కాబట్టి ఆ మాట ఇంట్లో ఆపేయండి.

హాస్టల్ ఇప్పుడే వద్దు, కోపంలో ఉన్న పిల్లోడిని కొత్త చోట, కొత్త భాషలో పెడితే వాళ్ళు కట్టేసో మత్తు మాత్రలేసో పడుకోబెడతారని నా భయం. పూర్తిగా తప్పని అనను, రేపు మంచి చోటు దొరికితే పోవచ్చు. చూడ్డానికి పోతే చెప్పకుండా పోండి, పడుకునే గదులు, బాత్రూములు చూపించమనండి, రాత్రి ఎంతమంది డ్యూటీలో ఉంటారు, పిల్లోడు కొరికితే మీరేం చేస్తారు అని అడగండి. తల్లిదండ్రులు లోపలికి రాకూడదు అనే చోట అసలు వద్దు. ముందు రెండు రాత్రులు మీ అమ్మగారింట్లో మీరు లేకుండా ఉండడం అలవాటు చేయండి.

మీరు పోయినాక అనే దానికి, వాడి గురించి ఒక నోట్‌బుక్ మొదలుపెట్టండి. ఏం తింటాడు, ఏ మాత్ర ఎన్ని గంటలకి, భయపడితే ఏం చేస్తే తగ్గుతాడు, ఏ మాట అంటే ఏమర్థం, డాక్టరు ఎవరు, పేపర్లు ఏ బీరువాలో. వాడిని పేరు పెట్టి పిలిచే మనుషులు వీధిలో పెరగాల, అంగడాయన, పక్కింటావిడ, షాపులో పనోళ్ళు. జేబులో పేరు, ఫోన్ నంబరు, ఆటిజం ఉంది అని రాసిన కార్డు ఎప్పుడూ ఉండాల. ఆస్తి వాడి పేరు మీద ఊరికే రాసేయొద్దు, వీలునామా, ట్రస్టు గురించి ఒక లాయర్‌తో కూర్చుని మాట్లాడండి.

ఇంక పాప. దానికే కదా భారం అన్నారు, ఆ మాట మీ నోటి నుంచి అది ఎన్నిసార్లు వినిందో. అన్న మీద దానికి ప్రేమ ఉంటుంది, కోపమూ ఉంటుంది, రెండూ చెప్పుకోనీయండి. వారంలో ఒక సాయంత్రం మీరు దానితోనే ఉండండి, వాడి ముచ్చట లేకుండా. గార్డియన్ పేర్లలో ఇప్పుడు దాని పేరు పెట్టొద్దు, మీరిద్దరూ ఉన్నారు చాలు. చదువు పూర్తై దాని కాళ్ళ మీద అది నిలబడినాక, నువ్వు ఎంత వరకు చూసుకోగలవు అని అడగండి, నెలకోసారి వచ్చి చూసి పోతా అన్నా అదే సరి అనుకోండి. సెకండ్ ఇయర్ పరీక్షలు అయ్యేదాకా మాత్రం ఆ ప్రస్తావన దాని ముందర తేవొద్దు.